స్పానిష్‌లో ‘తిన్నారా’ అని అడిగినవాడు

డబ్లిన్ శివారు టాలట్‌లో ఉన్న తెలుగువాళ్లందరిలోకీ తెలివైనవాడు ఎవరని అడిగితే హనుమత్ప్రసాద్ కాసేపు ఆలోచించినట్టు నటించి, మర్యాద కొద్దీ ఇంకొకరి పేరు చెబుతాడు. మనసులో మాత్రం తన పేరే. అందుకు సాక్ష్యం ఐర్లండ్‌లోనే కార్లో అనే ఊళ్లో చేసిన ఎమ్మెస్సీ. చదువు మధ్యలో వదిలేసినవాడికి తనేం వదిలేశాడో తెలుసు. పూర్తి చేసినవాడికి తనకేం రాలేదో చచ్చేదాకా తెలియదు. హనుమత్ప్రసాద్ పూర్తి చేసినవాడు.

ఆ చదువుతో అతను వెళ్లి చేరింది పెట్రోలు బంకు దుకాణంలో. అద్దాల పెట్టె వెనక ఏప్రన్ కట్టుకుని నిలబడి, మూరెడు రొట్టెని నిలువునా చీల్చి, వెన్న రాసి, వేయించిన కోడిమాంసం కూరి, కాగితంలో చుట్టి ఇస్తాడు. దీన్ని ఇక్కడ చికెన్ ఫిల్లెట్ రోల్ అంటారు. ఐర్లండ్ మొత్తం దీని మీదే నడుస్తోంది. ఒక్కపూట ఈ రోల్ దొరక్కపోతే లూయస్ ట్రాములు పట్టాల మీదే ఆగిపోతాయి, పోలీసులు పట్టుకున్న దొంగల్ని వదిలేసి ఆ దొంగల వెనకే క్యూలో నిలబడతారు. దేశాన్ని నిలబెట్టే ఇలాంటి పని చేస్తూ కూడా హనుమత్ప్రసాద్‌కి సిగ్గు. తన ఊరు పొన్నూరులో అందరికీ రిటైల్ అనలిటిక్స్‌లో ఉన్నానని చెప్పుకున్నాడు. అదేమీ అబద్ధం కాదని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఎవరు మయోనైజ్ అడుగుతారో ఎవరు వద్దంటారో మొహం చూసి పసిగడుతున్నాడు కదా, అదీ ఒక రకం విశ్లేషణే కదా అని.

అతని అబద్ధాలన్నీ ఈ సైజువే. పెద్దది ఆడడానికి గుండె చాలదు. నిజం చెప్పడానికి మొహమాటం. ఆ రెంటికీ మధ్య నక్కి బతకడాన్నే సంస్కారం అనుకున్నాడు.

వచ్చిన కొత్తలో కార్లో వీధుల్లో ఎదురైన ప్రతివాడూ ఎలా ఉన్నావని అడుగుతుంటే పొంగిపోయాడు. ఒక పోస్ట్‌మ్యాన్ అలా అడిగిన పాపానికి ఆగి, ఎడమ మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి, గదిలో హీటర్ సంగతి, మెస్సులో బంగాళాదుంపల సంగతి వరసగా చెప్పుకొచ్చాడు. పోస్ట్‌మ్యాన్ సైకిలెక్కి మలుపు తిరిగి, ఊరంతా ఉత్తరాలు పంచి, సాయంత్రం అదే దారిన ఇంటికి పోతున్నప్పటికి హనుమత్ప్రసాద్ ఇంకా మోకాలి ఎక్స్‌రే దగ్గరే ఉన్నాడని కార్లోలో చెప్పుకుంటారు. తరవాత ఎవరో జాలిపడి నేర్పారు. ఇక్కడ ఆ ప్రశ్నకి ‘గ్రాండ్’ అనాలి, అని నడిచిపోవాలి, విరిగిన కాలు చంకలో పెట్టుకుని పోతున్నా సరే.

హనుమత్ప్రసాద్‌కి ఆ పద్ధతి తెగ నచ్చింది. మనవైపూ అంతేగా అనుకున్నాడు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి తిన్నారా అంటాం. మూడు పూటలుగా అన్నం మొహం చూడనివాడైనా అయ్యిందండీ అంటాడు. అడిగినవాడికి పుణ్యం, చెప్పినవాడికి పరువు, గిన్నెలో అన్నం గిన్నెలోనే భద్రం. లోకంలో ప్రశ్నలన్నీ ఈ బాపతేననీ, జవాబు కావాలని ఎవరూ అడగరనీ అతను తేల్చేసుకున్నాడు. ఎమ్మెస్సీ కదా, సిద్ధాంతానికి రెండు ఉదాహరణలు చాలు.

ఇలాంటివాడికి నవీన భార్య కావడం నవీన చేసుకున్న పాపం. ఆమె గుంటూరులో ఐసీయూ నర్సు. డాక్టరు చేతిరాత అర్థం కాకపోతే ఆ డాక్టర్నే వెనక్కి పిలిచి అందరి ముందూ చదివించే మనిషి. ఆమెకి డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వచ్చిన మొదట్లో ఉండడానికి గది కూడా వాళ్లే చూపిస్తామన్నారు. ఈ సంగతి ఆమె ఫోన్‌లో చెబుతున్నప్పుడు హనుమత్ప్రసాద్ అగ్గిపెట్టెలాంటి గదిలో, ఇంకో ఇద్దరు కుర్రాళ్ల పరుపుల మధ్య, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. “మనకేం ఖర్మ, మనిల్లు ఉందిగా” అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. మర్యాదగా జారిపడింది నోట్లోంచి.

నవీన ఆసుపత్రివాళ్లకి గది అక్కర్లేదని రాసేసింది. టికెట్ కొనేసింది. ఇంకో పది రోజుల్లో దిగుతోంది. ఇక్కడ చూస్తే ఆ అగ్గిపెట్టె ఉన్న ఇల్లు కాస్తా యజమాని అమ్మేసి, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు.

డబ్లిన్‌లో అద్దెగది చూడ్డానికి క్యూలో నిలబడితే, వెనకున్నవాళ్లు ముందుకు వచ్చేసరికి పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు ఐరిష్ యాసలో డాడీ ఇంకెంతసేపని సణుగుతున్న సందర్భాలున్నాయి. హనుమత్ప్రసాద్ వెళ్లిన ఒకచోట స్నానాల తొట్టి మీద చెక్క వేసి డబుల్ రూమ్ అన్నారు. ఇంకోచోట మెట్ల కింద సామాన్ల అరలో బల్బు ఉంది కాబట్టి దాన్ని స్టూడియో అన్నారు. అవి కూడా అతనికి దక్కలేదు. మొగుడూ పెళ్లాం అనగానే తలుపులు వాటంతటవే మూసుకునేవి.

అలాంటప్పుడు కనిపించింది మారికార్మెన్ పెట్టిన ప్రకటన. ఆవిడది స్పెయిన్‌లో సరగోసా. టాలట్‌లో లూయస్ ఆఖరి స్టాపుకి దగ్గర్లో ఒక ఇల్లంతా లీజుకి తీసుకుని, మేడమీది గది ఇంకొకరికి ఇస్తోంది. జంటైనా ఫరవాలేదని రాసింది. ఇంటి యజమాని పోర్ట్‌లీష్ అవతల ఎక్కడో ఆవుల్ని మేపుకుంటూ, నీ ఇంట్లో ఎవరుండాలో నువ్వే చూసుకో తల్లీ అని ఆవిడకే వదిలేశాడు. శనివారం మధ్యాహ్నం వచ్చి చూడొచ్చు. గదిని మాత్రమే వాడుకునేవాళ్లు వద్దు, ఇంట్లో కలిసి ఉండేవాళ్లు కావాలి అని చివర్లో ఒక వాక్యం ఉంది. దాన్ని హనుమత్ప్రసాద్ చదవనైనా చదవలేదు. స్పెయిన్ అన్న మాట దగ్గరే ఆగిపోయి, ఆవిడ భాషలో ఒక్క ముక్క వదిలితే గది మనదే అని లెక్క కట్టేశాడు.

టాలట్‌లో స్పానిష్ వచ్చిన తెలుగువాడు ఒక్కడే, ఆమోసు. భీమిలి మనిషి. ఇప్పుడు వృద్ధుల హోమ్‌లో కేరర్. అంతకుముందు చాలా ఏళ్లు విలాసనౌకల వంటశాలల్లో ఉల్లిపాయలు తరిగాడు. అంతవరకే నిజం. మిగతాదంతా ఆమోసు స్వయంగా చెప్పినది. పెరూ తీరంలో తను గరిటెతో గిన్నె మీద కొడితే తిమింగలాలు పైకి తేలి వరస కట్టేవట. కార్టహేనా రేవులో కస్టమ్స్‌వాళ్లు తన చేపల పులుసు అయిపోయేదాకా ఓడని కదలనివ్వలేదట. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక టీ కప్పు పట్టుకుని ఈ చరిత్రంతా వినిపిస్తాడు. భార్య మార్తా పక్కనే నిలబడి బిస్కెట్లు పంచుతూ ఒక్కమాటా ఖండించదు. ఏడాదికేడాది తిమింగలాలు పెరుగుతూ ఉంటాయి.

ఆమోసు రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే కాఫీకి హనుమత్ప్రసాద్ కౌంటర్ దగ్గరికి వస్తాడు. హనుమత్ప్రసాద్‌కి ఆమోసంటే లోపల చులకన. ముసలివాళ్లకి స్నానాలు చేయించే మనిషి, ఓడ కబుర్లు చెప్పే మనిషి, తనెక్కడ, ఇతనెక్కడ. కానీ అవసరం తనది కాబట్టి కాఫీ పెద్ద కప్పులో పోసి, వేడివేడి పఫ్ ఒకటి కాగితంలో చుట్టిచ్చి, ఎలా ఉన్నారన్న ప్రశ్నని స్పానిష్‌లో నేర్పమన్నాడు.

ఆమోసు పఫ్ కొరికి, హనుమత్ప్రసాద్ మొహంలోకి జాలిగా చూశాడు.

“అదైతే ఫోన్‌లో బాసలు నేర్పే గుడ్లగూబ బొమ్మ కూడా చెప్తాది. శనోరం నీ ముందున్నోడూ ఎనకున్నోడూ ఆవిడికాడ అదే వాగుతారు. అడిగేటప్పుడు మనసులోంచి రావాల. మనింటికొచ్చినోల్ని మనమేటడుగుతాం?”

“తిన్నారా అంటాం అంకుల్.”

“మరింకేటి. అదడుగు. ఏడు సముద్రాల మీద నాకు కూడెట్టింది ఆ ఒక్క ప్రశ్నే.”

మన ఇంటికి వచ్చినవాణ్ణి అడిగే ప్రశ్నని ఒకరింటికి పోయి అడగడమేమిటన్న అనుమానం ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు. ఒకడు ఎమ్మెస్సీ, ఇంకొకడు తిమింగలాల కాపరి.

ఆ వారమంతా చదువు సాగింది. యా కోమిస్తే. రెండే మాటలు. మన నోటికి కష్టమేమీ కాదు, వస్తే, పోతే అన్నంత సులువుగా పలుకుతుంది. అయినా ఆమోసు గురువు కదా, దాన్ని కష్టం చేశాడు. కనుబొమలు ఎప్పుడెత్తాలి, తల ఎటు వంచాలి, చెయ్యి గుండెల మీద పెట్టుకోవాలా పొట్ట మీదా అని పాఠం పెంచాడు. హనుమత్ప్రసాద్ లూయస్‌లో కిటికీ అద్దం చూసుకుంటూ సాధన చేశాడు. కౌంటర్ దగ్గర రోల్ కోసం వచ్చినవాళ్ల మీద కూడా వదిలాడు. ఒక డబ్లిన్ తాపీమేస్త్రి యా కోమిస్తేకి గ్రాండ్ అని జవాబిచ్చి, ఉల్లిపాయలు వద్దని చెప్పి, రోల్ తీసుకుని పోయాడు. తన సిద్ధాంతానికి మూడో ఉదాహరణ దొరికిందని హనుమత్ప్రసాద్ సంతోషించాడు.

శుక్రవారంనాడు మాత్రం ఒక చిన్న సందేహం వచ్చింది. అడిగాక ఆవిడేమంటుందని.

“ఏటంటాది, తిన్నాననే అంటాది,” అన్నాడు ఆమోసు. “నువ్వు సీ, సీ అని తలూపి నవ్వు. సీ అంటే అవును. ఆ మాటతోటే నేను పనామా కాలవ దాటేసినాను.”

శనివారం హనుమత్ప్రసాద్ పొద్దున షిఫ్టు చేసి, దుకాణం వెనక గదిలో ఏప్రన్ విప్పి, పట్టా పుచ్చుకున్ననాటి కోటు తొడుక్కుని బయల్దేరాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. రోజంతా రొట్టెల మధ్య నిలబడేవాడికి రొట్టె మొహం చూస్తే వికారం. వాన పడుతోంది. మారికార్మెన్ ఇంటి ముందు క్యూ గేటు దాటి, బస్సు షెల్టర్ దాటి, దాదాపు వికిలో కొండల దాకా పోయింది. అతని వెనక నిలబడ్డది కార్క్ నుంచి వచ్చిన ఒక ఎర్రజుట్టు కుర్రాడు. ఆకలికి గేటు కొరికేలా ఉన్నానని అందరికీ వినపడేలా చెబుతున్నాడు. ఆకలేస్తోందని పరాయివాళ్ల ముందు చెప్పుకునే జాతి ఇంకెప్పుడు బాగుపడుతుందని హనుమత్ప్రసాద్ లోపల చీదరించుకున్నాడు.

లోపలికి ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. అతని వంతు వచ్చేసరికి మూడవుతోంది. వంటింట్లో మారికార్మెన్ నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, కాళ్లకి ఉన్ని మేజోళ్లు. మధ్యాహ్నం నుంచి వచ్చినవాళ్లందరూ వైఫై ఉందా, హీటింగ్ కలిపేనా, పార్కింగ్ ఎక్కడ అని అడిగి అడిగి ఆవిడ మొహాన్ని పిండి ఆరేశారు. స్టవ్ మీద పెద్ద గిన్నెలో ఏదో ఉడుకుతోంది. ఆ వాసన హనుమత్ప్రసాద్ ముక్కులోంచి పోయి నేరుగా పొన్నూరులో తేలింది. పప్పు. ఏ దేశం పప్పయినా పప్పు వాసన పప్పు వాసనే.

అతను గుమ్మంలో బూట్లు విప్పి, కనుబొమలెత్తి, తల కుడివైపు వంచి, చెయ్యి గుండెకీ పొట్టకీ మధ్య ఎటూ తేల్చకుండా పెట్టుకుని అడిగాడు.

“యా కోమిస్తే?”

మారికార్మెన్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లలో ఆవిడ గురించి అడిగినవాడు ఇతనొక్కడే. ఎక్కడ నేర్చుకున్నావు, దక్షిణ అమెరికావాళ్ల పలుకులా ఉందే అని ఇంగ్లీషులో అంది, కళ్లు మెరుస్తుండగా. ఆ తరవాత అతను అడిగినదానికి జవాబు చెప్పింది.

“నో.”

హనుమత్ప్రసాద్ బిగుసుకుపోయాడు. పుట్టి ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి లేదు అన్న జవాబు అతను వినలేదు. వాళ్లమ్మ గ్యాసుబండ తెచ్చినవాణ్ణి అడిగేది, కరెంటు బిల్లు కొట్టేవాణ్ణి అడిగేది, అప్పుల వసూలుకి వచ్చినవాణ్ణి కూడా అడిగేది. ఒక్కడూ లేదనలేదు. లేదంటే ఏం చెయ్యాలో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు, అన్నం పెట్టాలేమో.

ఆవిడే దారి చూపించింది. బల్ల దగ్గర కుర్చీని కాలితో ఇవతలికి లాగి, గిన్నె మూత తీసి, పళ్లెం అందుకుంటూ, ఎదురు ప్రశ్న వేసింది.

“ఇ తూ?”

మరి నువ్వో, అని. నేర్పకపోయినా అర్థమైంది. కుర్చీ ఉంది, పళ్లెం ఉంది, పప్పులోంచి ఆవిరి లేస్తోంది, అతని కడుపు బయట క్యూలో చివరివాడికి కూడా వినపడేలా మూలిగింది. అప్పుడు హనుమత్ప్రసాద్ తాతముత్తాతలందరూ ఒక్కసారిగా అతని గొంతులోకి వచ్చి కూర్చున్నారు.

“సీ, సీ,” అన్నాడు తలూపి నవ్వుతూ.

అని, ఆగాడు. మనవైపు పద్ధతి ప్రకారం ఆవిడిప్పుడు రెండోసారి అడగాలి. కొంచెమే తినమనాలి. ఇతను వద్దండీ ఇప్పుడే అయ్యిందండీ అనాలి. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. అప్పుడు మీ మాట కాదనలేక అంటూ ఇతను గిన్నె ఖాళీ చెయ్యాలి. ఇంత పెద్ద నాటకం ఉందని సరగోసాలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు. మనిషి తిన్నానంటే తిన్నాడనే అనుకుంది. అయ్యో, సరే, అని మూత పెట్టేసి, కుర్చీ లోపలికి తోసి, గది చూపిస్తాను రమ్మంది.

గది చూస్తే అతనికి ఏడుపొచ్చింది. మంచానికి రెండు వైపులా మనిషి నడిచే చోటు ఉంది. కిటికీలోంచి కొండలు కనిపిస్తున్నాయి. అలమరా తలుపు తెరిస్తే అది మంచానికి తగలకుండా పూర్తిగా తెరుచుకుంది. నేను ఫోన్ చేస్తానని మారికార్మెన్ మర్యాదగా చెప్పింది. ఆ మాటకి అర్థం డబ్లిన్‌లో గది వెతికినవాళ్లందరికీ తెలుసు. స్మశానంలో కూడా అంత మర్యాదగా సాగనంపరు.

బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. వంటింటి కిటికీ పక్కనే. ఎర్రజుట్టువాడు లోపలికి పోయాడు. ఆవిడ వాణ్ణీ అడిగినట్టుంది. వాడు ఒక్క క్షణం ఆలోచించకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడి పళ్లెం నిండింది. ఆవిడా ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తింటూ నవ్వుకుంటున్నారు. వాడు రొట్టెతో పళ్లెం తుడుస్తున్నాడు. సిగ్గులేని వెధవ అనుకున్నాడు హనుమత్ప్రసాద్, వానలో కోటు భుజాలు నానుతుండగా. సిగ్గున్నవాడు తనేనని కూడా అనుకున్నాడు. ఆ సిగ్గుని ఎక్కడ పడుకోబెట్టాలో మాత్రం తెలియలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. నవీన సందేశం. పొద్దున డ్యూటీకి పోయేముందు తీసినట్టున్న, తెరిచిన సూట్‌కేసు ఫోటో, కింద ఒక వాక్యం: మనింట్లో ప్రెషర్ కుక్కర్ ఉందా, నేను తేవాలా?

హనుమత్ప్రసాద్ చాలాసేపు ఆ వాక్యం వంక చూశాడు. ఉంది అని కొట్టబోయాడు. అలవాటు కదా, వేలు దానంతటదే ఆ అక్షరం మీదికి పోయింది. ఉందంటే ఇల్లు ఉన్నట్టు. ఇల్లు ఉంటే ఆమె దిగుతుంది. దిగితే పెట్టెలు పట్టుకుని ఎక్కడికి నడవాలి? ఫోన్ జేబులో పడేసి, క్యూలో ఉన్నవాళ్లు తిడుతున్నా వినకుండా వెళ్లి బెల్లు కొట్టాడు.

తలుపు తీసిన మారికార్మెన్‌తో, తను తినలేదని చెప్పాడు. పొద్దున్నుంచీ తినలేదన్నాడు. ఇందాక తిన్నానన్నావు కదా అంది ఆవిడ. అది మా మర్యాద అన్నాడు. ఆవిడ అతన్ని తలనుంచి నీళ్లు కారుతున్న బూట్ల దాకా చూసింది.

“పప్పు విషయంలోనే అబద్ధమాడేవాడివి, బాయిలర్ పాడైతే ఏమంటావు? బాగానే ఉందంటావా?”

అంటాడు. నిజంగానే అంటాడు. గడ్డ కట్టి చచ్చిపోతూ కూడా గ్రాండ్ అంటాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసిపోయింది. ఆకలితో ఉన్నవాణ్ణి గుమ్మంలో నిలబెట్టడం ఆవిడకి చేతకాదు. కూర్చోమంది. గది సంగతి వేరు, పప్పు సంగతి వేరు అని ముందే చెప్పి వడ్డించింది. అతను మొదటి పళ్లెం చెంచాతో తిన్నాడు. రెండోది వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మూడోదానికి వచ్చేసరికి ఎమ్మెస్సీ, కోటు, కార్లో అన్నీ ఆ పప్పులో కరిగిపోయి చేత్తో కలుపుతున్నాడు.

ఎర్రజుట్టువాడికి గది దాదాపు ఇచ్చేసినట్టే ఉంది. కానీ వాడు తిన్నానా లేదా అన్న విషయంలోనే కాదు, అన్నిట్లోనూ నిజమే చెప్పే రకం. తనకి రెండు రేసు కుక్కలున్నాయనీ, అవి తన మంచం మీదే పడుకుంటాయనీ, ఒకదానికి విరేచనాలు తగ్గలేదనీ చెప్పేశాడు. కుక్కలు కుదరవంది మారికార్మెన్. వాడేం నొచ్చుకోలేదు. పప్పు చాలా బాగుందని చెప్పి, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

ఆవిడ హనుమత్ప్రసాద్ వైపు తిరిగింది. నీ భార్య కూడా నీలాగే మాట్లాడుతుందా అని అడిగింది. లేదన్నాడు. నీ మాట నమ్మలేను, ఆమెని చూపించు అంది.

గుంటూరులో అప్పటికి చీకటి పడింది. నవీన డ్యూటీ దిగి, యూనిఫాం మీదే మంచం అంచున కూర్చుని ఫోన్ ఎత్తింది. తెర మీద ఎవరో తెల్లావిడ కనిపించేసరికి కళ్లు చిట్లించింది. హనుమత్ప్రసాద్ పక్కనుంచి ఏదో చెప్పబోతే మారికార్మెన్ చెయ్యి అడ్డం పెట్టి, పరిచయం కూడా లేకుండా ఆమెని ఇంగ్లీషులో అడిగింది, నువ్వు తిన్నావా అని.

లేదంది నవీన. పన్నెండు గంటల డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చాను, ఆకలి దంచేస్తోంది, ఇంతకీ నువ్వెవరు అని ఆమె కూడా అడిగింది. మారికార్మెన్ బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వింది. తరవాత నవీన తెలుగులోకి దిగింది.

“ఆవిడెవరండీ మనింట్లో?”

“మనిల్లు కాదు. ఆవిడది.”

“మరి మనిల్లేది?”

హనుమత్ప్రసాద్ వేళ్లకి అంటిన పప్పు వంక చూసుకున్నాడు.

“ఉందన్నారుగా,” అంది నవీన.

“ఉంటే బాగుండుననుకున్నా.”

ఐసీయూలో మనిషి పోయాక మిషన్లు ఆపేసేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో హనుమత్ప్రసాద్‌కి అప్పుడు తెలిసింది. తిట్టలేదు. తిట్టడం కూడా అతని మీద ఖర్చు అనుకున్నట్టుంది.

“నోరు మూసుకుని ఆ గిన్నెలు కడగండి. ఫోన్ ఆవిడకివ్వండి.”

అతను లేచి సింకు దగ్గరికి పోయాడు. వెనక ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆసుపత్రికి నడిచి పోవచ్చా, రాత్రి డ్యూటీ అయ్యాక పగలు పడుకుంటే ఎవరైనా గోల చేస్తారా, స్నానాల గది వంతులెలా, కిటికీ ఏ దిక్కు. ఒక్క ప్రశ్న కూడా మర్యాదకి అడిగింది లేదు. మారికార్మెన్ కూడా బాత్‌రూమ్‌లో ఒక గోడకి చెమ్మ ఉందని దాచకుండా చెప్పింది. చెమ్మ ఎలా పోతుందో నవీన ఆవిడకి చెప్పింది. మాట మధ్యలో హనుమత్ప్రసాద్ ఏం ఉద్యోగం చేస్తాడన్న సంగతి వచ్చింది. నవీన రిటైల్ అనలిటిక్స్ అంది. కోటు కింద అతని చొక్కా జేబు మీద పెట్రోలు బంకు పేరుతో ఉన్న బిళ్ల మారికార్మెన్‌కి ఇందాకే కనిపించింది. ఆ ముక్క కూడా ఆవిడ దాచలేదు.

చివరికి లీజు కాగితంలో పేరు ఎలా రాయాలని ఆవిడ అడిగింది. నవీన ఒక్కొక్క అక్షరమే తన పేరు చెప్పింది. ఆ ఒక్క పేరే చెప్పి ఊరుకుంది.

“మరి అతను?” అంది మారికార్మెన్.

హనుమత్ప్రసాద్ నీళ్ల చప్పుడులో జవాబు వినపడదేమోనని కుళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడ్డాడు.

“గిన్నెలు ఎలా కడిగాడు?” అని నవీన అడిగింది చివరికి.

మారికార్మెన్ లేచి వచ్చి ఒక పళ్లెం తీసి వెలుతురుకి పట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. అంచున గోరు పెట్టి గీసింది. ఫరవాలేదంది.

“అయితే ఉండనివ్వండి,” అంది నవీన.